గాలి చిన్నదవదు

రిమోట్‌తో నడిపే మోడల్ విమానాల సరదా ఉన్నవాళ్లను పట్టుకుని, మీ మనసు బాగా విరిచేసిన విమానం ఏదని అడిగి చూడండి. నాసిరకం బొమ్మ పేరు చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చెప్పేది తాము ముచ్చటపడి కొనుక్కున్న, లేదా నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని చేసుకున్న, అచ్చు అసలు విమానమే అనిపించే దాని పేరు. స్పిట్‌ఫైర్, మస్టాంగ్, మెసర్‌ష్మిట్. అన్నీ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్లే. అదే మైదానంలో, అదే ఉదయం, ఫోమ్ షీటు కోసి అతికించిన ఓ ముతక విమానం, రంగు కూడా వేయనిది, నిమ్మళంగా చక్కర్లు కొడుతూ ఉంటుంది. ముద్దొచ్చే విమానాలే ఎందుకిలా మోసం చేస్తాయన్నది చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న. ఎగరేసేవాళ్ల చేతకానితనం మనం అనుకున్నంత లేదిందులో. అదృష్టం ప్రసక్తి అసలే లేదు. విమానాన్ని పదో వంతుకు తగ్గించగలం గాని, దాన్ని మోసే గాలిని తగ్గించలేం. మిగతా బాధంతా అక్కణ్ణుంచే పుడుతుంది.

ముందు బొమ్మల సంగతి. ఎగ్జిబిషన్లలో, బొమ్మల దుకాణాల్లో దొరికే చవక విమానాల్లో చాలావాటికి కదిలే రెక్కముక్కలు ఉండవు. రెక్కకు అటొకటి ఇటొకటి చిన్న మోటార్లు బిగించి ఉంటాయి. రెండూ సమంగా తిరిగితే ముందుకు పోతుంది, ఒకటి నెమ్మదిస్తే ఆ పక్కకు తిరుగుతుంది. తోక మీద ఎలివేటర్ ఉన్నట్టు గీత గీసి ఉంటుంది కాని అది కదలదు. ముక్కు పైకెత్తడానికి, దించడానికి పిల్లాడి చేతిలో ఏ మీటా లేదన్నమాట. మోటారు వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది, అంతే. దాని వేగం గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు ఉంటే గొప్ప. వేసవి సాయంత్రం మన ఊళ్లలో వీచే మామూలు గాలికి కూడా అంత వేగం ఉంటుంది. ఎదురుగాలిలో వదిలితే ఉన్నచోటే నిలబడిపోతుంది. గాలివాటున వదిలితే రెట్టింపు వేగంతో పోయి, రిమోట్‌కు అందే దూరం దాటిపోతుంది.

నిజానికి ఆ బొమ్మ ఎగరగలదు. ఆకు కదలని తెల్లవారుజామున, చెట్లూ తీగలూ లేని పెద్ద మైదానంలో వదిలితే చక్కగానే ఎగురుతుంది. ఆ ఒక్క మాట డబ్బా మీద ఉండదు. నీలాకాశం ఉంటుంది, నవ్వుతున్న పిల్లాడి బొమ్మ ఉంటుంది, ఎనిమిదేళ్లు దాటితే చాలని ఉంటుంది. కొనిచ్చిన తండ్రి ఆఫీసు నుంచి వచ్చాక, సాయంత్రం, అపార్ట్‌మెంటు ముందున్న ఖాళీ జాగాలో దాన్ని ఎగరేయిస్తాడు. ఆ రోజంతటిలో గాలి ఎక్కువగా ఉండే వేళల్లో అదొకటి. పది నిమిషాల్లో విమానం గోడకు కొట్టుకుంటుంది, లేకపోతే పక్కింటి వేపచెట్టెక్కి కూర్చుంటుంది. దోటి తెచ్చి దింపుతారు. మళ్లీ ఎగరేయరు. పోయిన డబ్బు సంగతి అటుంచండి, తప్పంతా తనదేనని పిల్లాడు నమ్మేస్తాడు. నాకు అది తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. విమానమంటే కళ్లు మెరిసే వయసులో, తనకిది చేతకాదన్న తీర్పు తనకు తానే ఇచ్చుకుంటాడు. ఆ తీర్పు అబద్ధం. "తెల్లారి ఆరింటికి, గాలి లేనప్పుడు" అని ఒక్క వాక్యం అచ్చువేస్తే తయారుచేసేవాళ్లకు పోయేదేమీ లేదు.

అదే పిల్లాడికి పార్కుల బయట అమ్మే ఫోమ్ గ్లైడర్ కొనిచ్చి చూడండి. మోటారు లేదు, బ్యాటరీ లేదు, చేత్తో విసరడమే. ఒడుపుగా విసిరితే తేలుతూ వెళ్లి వాలుతుంది. ముక్కులో ఉన్న చిన్న బరువును అటూ ఇటూ జరిపితే ఏమవుతుందో పిల్లాడే కనిపెడతాడు. బరువు వెనక్కి పోతే ముక్కెత్తి, ఆగి, పడిపోతుంది. ముందుకెళ్తే తిన్నగా నేలకు దిగిపోతుంది. విమానశాస్త్రంలో మొదటి పాఠం అదే. హాబీవాళ్లు ఆ గ్లైడర్‌కే రెక్కముక్కల్ని కదిపే రెండు చిన్న సర్వోలు, బొటనవేలంత మోటారు, ఒక్క సెల్ లైపో బ్యాటరీ పెట్టి రిమోట్‌తో ఎగరేస్తారు. బ్రహ్మాండంగా ఎగురుతుంది. అది ఏ విమానానికీ నకలు కాదు. తన సైజుకు తగ్గట్టు తాను పుట్టింది.

ఇక నకళ్ల దగ్గరికి వద్దాం. సికిందరాబాద్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటారు. ఆయన చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది. పదో వంతు స్పిట్‌ఫైర్ కట్టారాయన. బాల్సా చెక్క పక్కటెముకలు, మీద ఇస్త్రీపెట్టెతో అతికించిన ఫిల్ము, ఆకుపచ్చ గోధుమరంగు మచ్చలు. రేకుల అతుకుల దగ్గర మేకుల వరసలు పెన్సిల్ మొనతో ఒక్కొక్కటే చుక్క పెట్టారు. గాజు గూటిలో తోలు టోపీ పెట్టుకున్న పైలట్ బొమ్మ, దాని మెడలో చిటికెన వేలంత మఫ్లరు. దాన్ని చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. కిలోంబావుకు తక్కువుండదు. అందులో కొంత సీసమే. అసలు స్పిట్‌ఫైర్ ముక్కులో మెర్లిన్ ఇంజను ఉండేది, ఒక్కటే 600 కిలోల పైచిలుకు. మోడల్‌లో ఆ చోట ఉండే మోటారు వంద గ్రాములు కూడా తూగదు. అందుకని సమతూకం కోసం ముక్కులో సీసం నింపాలి. ముక్కు బరువైన విమానం సరిగ్గా ఎగరదు గాని తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుందని మైదానంలో పాత కాపులు చెప్పే మాట. అన్న ఆ లెక్కలో ఏ లోపమూ రానివ్వలేదు.

ఔటర్ రింగు రోడ్డు దాటాక, వేసవిలో ఎండిపోయే ఓ చెరువులో ఎగరేస్తాం. అంత దూరం ఎందుకంటే హైదరాబాద్ చుట్టూ ఆకాశంలో ఖాళీ తక్కువ. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఎటు పోయినా ఏదో ఒక విమానాశ్రయమో ఎయిర్‌ఫోర్స్ స్థావరమో ఉంది. 2021 డ్రోన్ నియమాలు మోడల్ విమానాలకూ వర్తిస్తాయి కాబట్టి ముందు మ్యాపు చూసుకుని అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ జోన్ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే సగం సరదా చచ్చిపోయినవాళ్లు నాకు తెలుసు.

అక్కడ ఒక ఉదయం అన్న స్పిట్‌ఫైర్ లేవడం మాత్రం కన్నులపండువ. ప్రొపెల్లర్ తిరిగే ఊపుకు విమానం ఎడమకు లాగుతుంది, తోక మీది రడ్డర్‌ను కుడికి తిప్పి సరిచేస్తూ అన్న లేపారు. ఎదురెండలో ఒక చుట్టు తిరిగి మా ముందు నుంచి పోయింది. రెక్కల కింద గుండ్రటి గుర్తులు కనపడ్డాయి. గొర్రెలు మేపుకుంటున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడు. దిగడానికి చివరి మలుపు తిరుగుతుండగా, వేగం తగ్గిన క్షణంలో, ఎడమ రెక్క కొస దిగబడింది. అన్న వెంటనే రెక్క వెనక అంచున కదిలే పలకతో, అంటే ఎయిలరాన్‌తో, కుడివైపు వంచబోయారు. ఎవరి చెయ్యైనా చేసే పని అదే. కాని అప్పుడు ఎడమ ఎయిలరాన్ కిందికి వంగుతుంది, అప్పటికే గాలిని పట్టుకోలేకపోతున్న ఆ కొసకు కోణం ఇంకా పెరుగుతుంది, ఉన్న కాస్త పట్టూ వదిలేస్తుంది. విమానం సగం మెలిక తిరిగి ముక్కుతో నేలను గుద్దింది. చూస్తున్నవాళ్లకు ఇదంతా ఒక్క రెప్పపాటు.

"ఇగ ఎగరదా అన్నా?" అన్నాడు గొర్రెల కుర్రాడు. ఎవరం జవాబు చెప్పలేదు. మా వాళ్లలో ఒకరు ముందుగా బ్యాటరీని వెతికి తీశారు. దెబ్బతిన్న లైపో ఉబ్బి అంటుకోవచ్చు, అందుకని ముక్కలేరే ముందు దాన్ని తీసి గడ్డికి దూరంగా మట్టి మీద పెట్టాలి. తర్వాత రెక్క, తర్వాత తోక. మఫ్లరు కట్టిన పైలట్ బొమ్మ చెక్కుచెదరలేదు. అన్న దాన్ని జేబులో వేసుకున్నారు.

ఎందుకలా అయిందో చెప్పడానికి 1883 దాకా వెనక్కి వెళ్లాలి. మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి, ప్రవాహం ఎప్పుడు తిన్నగా పోతుందో, ఎప్పుడు చెదిరిపోతుందో చూశాడు. ఆయన పేరుతో వాడుకలోకొచ్చిన సంఖ్య రెక్క వెడల్పును, వేగాన్ని, గాలి జిగటను కలిపి లెక్క కడుతుంది. దిగుతున్న అసలు స్పిట్‌ఫైర్ రెక్కకు ఆ సంఖ్య 50 లక్షల ప్రాంతంలో ఉంటుంది. పదో వంతు మోడల్ రెక్క మధ్యలో లక్ష దాటి కొంచెం. కొస దగ్గర, రెక్క ఏడెనిమిది సెంటీమీటర్లకు సన్నబడే చోట, 50 వేలకు పడిపోతుంది. చిన్న రెక్కకు గాలి పల్చటి పాకంలాగా అడ్డం పడుతుందన్నమాట. లక్ష దిగువకు పోయేకొద్దీ రెక్క మీది గాలి పొర అంటిపెట్టుకుని ఉండలేదు. కోణం కాస్త పెరగ్గానే ఊడి వచ్చేస్తుంది. స్పిట్‌ఫైర్ అందమంతా ఆ కోలగా సన్నబడే రెక్కలోనే ఉంది. మోడల్‌కు చావు వచ్చేదీ అక్కడే.

అసలు స్పిట్‌ఫైర్ చేసినవాళ్లకు ఈ ప్రమాదం తెలియక కాదు. 1936 మార్చి 5న తొలిసారి ఎగిరిన ఆ విమానం రెక్కను దాని రూపశిల్పి మిచెల్ బృందం మొదలు నుంచి కొసకు పోయేసరికి రెండున్నర డిగ్రీలు మెలితిప్పింది. దానివల్ల రెక్క మొదలు ముందు పట్టు వదులుతుంది, కొస ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. చెదిరిన గాలి తగిలి విమానం వణుకుతుంది, లోపలున్న పైలట్‌కు అది హెచ్చరిక. చెరువు గట్టున నిలబడ్డవాడికి ఆ వణుకు తెలియదు కదా. పైగా వ్యవధి కూడా కుదించుకుపోతుంది. పదో వంతు విమానంలో అన్నీ సుమారు మూడు రెట్లు త్వరగా జరుగుతాయి. అసలు పైలట్‌కు మూడు సెకన్లు దొరికే చోట నేల మీది పైలట్‌కు ఒక సెకను. అతను కూర్చున్నది విమానంలో కాదు కాబట్టి, అది తనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. ఇన్నింటిని మించి ఒక మనిషి స్కేల్ ఫైటర్‌ను క్షేమంగా దించాడంటే నేను లేచి నిలబడతాను.

ఈ సైజు చిక్కు మోడళ్లు కట్టేవాళ్లది మాత్రమే అనుకోకూడదు. 1878లో రైట్ సోదరుల తండ్రి ఊరి నుంచి వస్తూ ఒక బొమ్మ హెలికాప్టర్ తెచ్చాడు. ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫాన్స్ పెనో రూపకల్పన అది. రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే పైకప్పు దాకా ఎగిరేది. విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడు. అలాంటివే ఇంకా పెద్దవి కట్టాలని చూశారు. పెద్దవయ్యేకొద్దీ సరిగ్గా ఎగరలేదు. కొలతలు రెట్టింపు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు కావాలని ఆ వయసులో వాళ్లకు తెలిసే దారి లేదు. మనసు విరిగి వదిలేశారని పెద్దయ్యాక వాళ్లే రాసుకున్నారు. ప్రపంచానికి విమానం ఇచ్చినవాళ్లకు తొలి ఆశాభంగం మోడల్ విమానంతోనే.

అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ కథ ఇంకా కఠినం. 1896 మే 6న ఆయన ఆవిరి ఇంజను మోడల్, ఏరోడ్రోమ్ నంబర్ 5, పొటోమాక్ నది మీద కిలోమీటరు దాకా ఎగిరింది. మనిషి లేకుండా, ఇంజనుతో, అంత బరువైన యంత్రం అంత దూరం పోవడం అప్పటికి ఎవరూ చూడనిది. ఆ బలంతో మనిషిని మోసే సైజు కట్టారు. అది 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి నదిలో పడింది. నిర్మాణానికి బలం చాల్లేదా, విసిరే యంత్రం తగులుకుందా అన్నది నేటికీ వాదనే. ఏదైనా, పెద్దదానికి పెద్ద బరువులు ఎదురవుతాయి, చిన్నది ఎగరడం వాటికి పూచీ కాదు. లాంగ్లీ రెండోసారి పడిన తొమ్మిది రోజులకే కిట్టీహాక్‌లో రైట్ సోదరులు ఎగిరారు. వాళ్లకూ 1901లో ఇలాంటి దెబ్బే తగిలింది. నమ్ముకున్న లెక్కలు అబద్ధమని గ్లైడర్ చెప్పేసింది. అప్పుడు చిన్న గాలి సొరంగం కట్టి, చేతిలో పట్టేంత రెక్కలు రెండు వందల దాకా పరీక్షించి సొంత లెక్కలు రాసుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ కాలపు చిన్న సొరంగాల్లో పల్చటి రెక్కలే మేలనిపించాయి. అది ఆ సైజుకు మాత్రమే నిజం. పెద్ద విమానాలకు మందపాటి రెక్క ఎంత మేలో మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గాని తేలలేదు.

మోడల్ విమానాన్ని అసలుకు నకలుగా కాక, దానికదే ఒక విమానంగా చూసిన మనిషి మేనార్డ్ హిల్. అమెరికావాడు. అట్లాంటిక్ సముద్రాన్ని మోడల్ విమానంతో దాటించాలని పట్టుబట్టాడు. అంతర్జాతీయ రికార్డుల నియమం ప్రకారం మోడల్ బరువు ఇంధనంతో సహా 5 కిలోలు దాటకూడదు. 2002లో వదిలినవి ఒక్కటీ ఒడ్డు చేరలేదు. మరుసటి ఏడు మొదట వదిలింది కూడా చేరలేదు. ఆ తర్వాతిది 2003 ఆగస్టు 9న న్యూఫౌండ్‌లాండ్‌లోని కేప్ స్పియర్ నుంచి బయల్దేరి, 38 గంటల 52 నిమిషాలు ఎగిరి, ఐర్లాండ్ పడమటి తీరంలో క్లిఫ్డెన్ దగ్గర దిగింది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. బాల్సా చెక్క, ప్లాస్టిక్ ఫిల్ము. బయల్దేరేటప్పుడు బరువులో దాదాపు సగం ఇంధనమే. అప్పటికి హిల్ వయసు 77, చూపు దాదాపు పోయింది, చెవులు సరిగ్గా వినపడవు. ఆ విమానం ఫొటో చూస్తే దేనికీ నకలు అనిపించదు. పొడవాటి తిన్నటి రెక్క, సన్నటి ఒళ్లు. గోడకు తగిలించి మురిసిపోయే రూపం కాదు. నా కంటికి మాత్రం మోడల్ విమానాల్లో అంతకంటే అందమైనది లేదు. తానెంత ఉందో, తన గాలి ఎలాంటిదో దానికి తెలుసు.

మరి నకళ్లు కట్టడం మానేయాలా? మానక్కర్లేదు. స్పిట్‌ఫైర్ కోసం అన్న పడే తపన నాకు అర్థమవుతుంది. చిన్నప్పుడు పాత పత్రికలో చూసిన బొమ్మ ఆకాశంలో కదలాలన్న కోరికను తప్పు పట్టడానికి ఎవరికీ అధికారం లేదు. నా పేచీ కిట్లు తయారుచేసేవాళ్లతోనే. అసలు విమానం కొలతల్ని ఉన్నవున్నట్టు దించి, అదే గొప్పని డబ్బా మీద అచ్చువేస్తారు. కొసను కాస్త వెడల్పు చేయాలని, మెలిక పెంచాలని, బరువు ఎక్కడ తగ్గించాలో వివరించాలని అనుకోరు. ఎగిరేలా మార్చడం నకలుకు ద్రోహం కాదు. అసలు రూపశిల్పి ఈ సైజులో గీయాల్సివస్తే ఆయన కూడా అదే చేసేవాడు.

అన్న ఇప్పుడు రెండో స్పిట్‌ఫైర్ మీద ఉన్నారు. రెక్క కొస రెండు సెంటీమీటర్లు వెడల్పు చేశారు. మెలిక మూడు డిగ్రీలకు పెంచారు. పక్కటెముకలకు చిల్లులు పొడిచి, మేకుల చుక్కలు ఒక పక్కే పెట్టి, బరువు కిలో లోపలికి తెచ్చే పనిలో ఉన్నారు. బ్యాటరీని ముక్కులోకి ఇంకా ముందుకు జరపగలిగితే సీసంలో సగం తీసేయొచ్చని ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మైదానానికి వచ్చే ఒక మిత్రుడు ప్లాను చూసి, ఇది స్పిట్‌ఫైర్ ఎలా అవుతుంది, కొస మొద్దుబారిపోయింది కదా అన్నాడు.

"ఇరవై అడుగుల దూరంకెళ్లి చూడు తమ్మీ, అప్పుడు చెప్పు" అన్నారు అన్న, ఉప్పుకాగితంతో రుద్దుతూనే.

ఆ మిత్రుడు ఒప్పుకోలేదు. స్కేల్ అంటే స్కేలేనన్నాడు. వాదన టీ తాగేదాకా సాగింది, తెగలేదు. నేను అన్న పక్షం. ఆషాఢం గాలులు మొదలయ్యాయి కాబట్టి ఇప్పట్లో ఎగరేయడం కుదరదు. దసరా వెళ్లి గాలి నెమ్మదించాక చెరువులో నీళ్లుంటే వేరే చోటు చూడాలి. ఆకుపచ్చ జోన్‌లో, ఔటర్‌కు ఇంకా అవతల, ఒక బీడు భూమి ఉందని గొర్రెల కుర్రాడే చెప్పాడు. వాడి ఫోన్ నంబరు అన్న రాసి పెట్టుకున్నారు.